చాయ్ గ్లాసు మీద వాలిన ఈగ

శనివారం పెబ్బేరు సంత ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఒకసారి ప్లాన్ చేయండి. హైదరాబాద్ నుంచి 44వ నంబర్ హైవే ఎక్కి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటితే వనపర్తి జిల్లాలోని ఈ ఊరొస్తుంది. ఎడ్లు, బర్రెలు, గొర్రెలు, బేరాలు, దుమ్ము... ఫొటోలకు కొదవే లేదు. ఈగలకూ లేదు!

సంత పక్కన హోటల్లో చాయ్ చెప్పి కూర్చున్నా. గ్లాసు అంచు మీద ఈగ వాలింది. చేత్తో తోలేసి తాగేశా. మనందరం చేసేదే కదా! పక్కనున్న గొర్రెల కాపరి నవ్వాడు. "జీవాలున్నకాడ ఈగలుండవా అన్నా?" అన్నాడు. ఆయన బాధ వేరే. "మునుపు ఒక్క సూదేస్తే గొర్రె లేసి మేసేది. ఇప్పుడు మూడేసినా లేస్తలేదు." డాక్టర్‌కు చూపించావా అని అడిగితే, షాపులో మందు తెచ్చి తానే వేస్తున్నానన్నాడు.

ఆయన సూదికీ, నా గ్లాసు మీది ఈగకూ సంబంధం ఉంది.

కాళ్లకు అంటుకుని వచ్చేది

యాంటీబయాటిక్‌ను ఇష్టమొచ్చినట్టు వాడితే బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మందుకు లొంగనిది మిగిలి పెరుగుతుంది. అది పేడలో, రెట్టలో బయటికొస్తుంది. ఈగ గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే, ఒక్కో విడతకు వందకు పైగా. ఎండాకాలంలో పది రోజుల్లోపే కొత్త ఈగలు ఎగురుతాయి. వాటి కాళ్ల నూగుకు బ్యాక్టీరియా అంటుకుంటుంది, కడుపులోనూ ఉంటుంది. ఈగ గట్టి పదార్థం నమలలేదు. తిండి మీద ఉమ్మి, కరిగించి పీల్చుకుంటుంది. మీ ప్లేటు మీద వాలినప్పుడు జరిగేదీ అదే.

అమెరికాలో కోళ్ల ఫారాల చుట్టుపక్కల పట్టిన ఈగల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉన్నట్టు 2009లోనే జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు చూపించారు.

కోట పక్కన బజ్జీలు

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగితే గద్వాల. కోట చూశా, మగ్గం మీద చీర చూశా. సాయంత్రం వేడి వేడి మిర్చి బజ్జీ! ఈసారి మాత్రం మూత తీసి ఉన్న చట్నీ గిన్నె వైపే చూపు పోయింది. ఈగ రెండు మూడు కిలోమీటర్లు తేలిగ్గా ఎగరగలదు. ఊరి బయట షెడ్డుకు, ఊళ్లో బండికి మధ్య దూరం చాలాచోట్ల అంతకంటే తక్కువే.

షెడ్డులో ఏ మందు వాడుతున్నారన్నదీ ముఖ్యమే. ఇతర మందులేవీ పనిచేయనప్పుడు మనుషులకిచ్చే చివరి అస్త్రం కొలిస్టిన్. దాన్ని రంగారెడ్డి జిల్లా కోళ్ల ఫారాల్లో వాడుతున్నారని 2018లో పాత్రికేయుల పరిశోధన బయటపెట్టింది. 2019 జూలైలో కేంద్రం ఆ మందును పశువులు, కోళ్లకు వాడకుండా నిషేధించింది. అదే ఏడాది ప్రపంచంలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు దాదాపు 12.7 లక్షల మంది.

అమ్రాబాద్ ఆవులు

మర్నాడు నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వెళ్లా. ఒంటి నిండా మచ్చలుండే పొడ తూర్పు ఆవులు ఇక్కడివే. 2020లో వీటికి ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. నల్లమలలో తిరిగి మేస్తాయి. పేడ ఒక్కచోట కుప్ప పడదు, పలుచగా పడి ఎండిపోతుంది. ఈగ పురుగుకు తడి కావాలి. ఎండిన పేడలో అది బతకదు.

అందరూ అడవిలో మేపలేరు, నిజమే. కానీ ఈ సూత్రం ఏ షెడ్డుకైనా పనికొస్తుంది. నీటి తొట్టి కారకుండా చూసుకోవాలి. రెట్టను ఆరబెట్టాలి, పెంటకుప్పను పట్టాతో గట్టిగా కప్పాలి. వారానికోసారి ఎత్తేస్తే ఈగల తరం అక్కడే ఆగుతుంది. సూది మాత్రం డాక్టర్ చెబితేనే, చెప్పినన్ని రోజులే.

తిరుగు దారిలో పెబ్బేరులో మళ్లీ ఆగా. చాయ్ మీద ఈగ వాలింది. ఈసారి తోలేసి తాగలేదు, ఇంకో గ్లాసు అడిగా. పది రూపాయలు పోతే పోయాయి! మీ ఊళ్లో గొర్రెలు కాసే బాబాయో, ఫారం పెట్టిన మామో ఉంటే ఈ సూది సంగతి ఒకసారి చెప్పండి.