బావిగోడ మీది బంధువులు

ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగినవాళ్ళను ముందుగా పలకరించేది దుమ్ము. నాపరాళ్ళు కోసే మిషన్ల దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, బొగ్గు వ్యాగన్ల దుమ్ము. రోడ్డు పక్క వేపచెట్లు కూడా విభూతి పూసుకున్నట్టు ఉంటాయి. అలాంటి చోటి నుంచి తిరుపతికి ఎమ్మెస్సీ బాటనీ చదవడానికి వచ్చిన అమ్మాయి, ప్రాజెక్టు ఫెర్న్ మొక్కల మీద చేస్తానంటే క్లాసంతా నవ్వింది. ఫెర్న్‌లంటే ఊటీలో ఉంటాయి, అరకులో ఉంటాయి... కడప జిల్లాలో ఏముంటాయి?

ఆమె వాదించలేదు. వారాంతంలో ఊరికెళ్ళి, పాత పేపర్ల మధ్య నొక్కిపెట్టిన పది కొమ్మలు తెచ్చి సోమవారం బల్లమీద పరిచింది. నాలుగు రకాలు. అన్నీ ఒక్క బావివే.

ఆ బావి వాళ్ళ జేజినాయన కాలంలో తవ్వించింది. ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి బావి. అడుగు నుంచి ఒడ్డు దాకా నాపరాళ్ళు పేర్చి, సున్నంతో కట్టారు. ఒక వైపు మెట్లు. ఒకప్పుడు కపిల తోలేవారు, తర్వాత కరెంటు మోటారు వచ్చింది, ఇంటికి రెండ్రోజులు చొప్పున నీళ్ళ వంతు. పైన నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తున్నా నాలుగు మెట్లు దిగితే చల్లగా, తడి రాళ్ళ వాసనతో మరో ఊరికి వచ్చినట్టుండేది. ఆ రాళ్ళ సందుల్లోనే వేలాడేవి ఆ మొక్కలు.

జేజినాయనకు అవంటే పడేది కాదు. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే కొడవలి పట్టుకుని దిగి గోడంతా గీకేసేవాడు. "దీని యేర్లు రాళ్ళను ఎడం జేస్తాయి పాపా. ఎన్నిసార్లు పీకినా మళ్ళా మొలుస్తాంది, దీనికి ఇత్తనం యాడినుంచి వస్తాందో!" అనేవాడు. ఆయన ప్రశ్న చిన్నది కాదు. యూరప్‌లో వృక్షశాస్త్రవేత్తలు కూడా కొన్ని వందల ఏళ్ళు దాని దగ్గరే ఆగిపోయారు. పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. మరి ఎలా పుడుతోంది? ఫెర్న్ విత్తనం కంటికి కనిపించదనీ, అది దొరికినవాడు కూడా ఎవరికీ కనిపించకుండా తిరగొచ్చనీ అక్కడి పల్లెల్లో నమ్మేవారు. 1753లో మొక్కలన్నిటికీ పేర్లు పెట్టి వరసలో కూర్చోబెట్టిన లిన్నేయస్ కూడా వీటిని 'క్రిప్టోగేమియా' అనే చివరి గదిలోకి తోసేశాడు. ఆ మాటకు అర్థం రహస్య వివాహం అని.

జవాబు ఆకు వెనకాలే ఉంది. ఫెర్న్ ఆకు తిప్పి చూస్తే గోధుమరంగు చుక్కలో, గీతలో కనిపిస్తాయి. కుండీలో ఫెర్న్ పెంచుకునే ఇళ్ళల్లో చాలామంది వాటిని పురుగు గుడ్లనుకుని మందు కొట్టేస్తుంటారు. అవి పురుగులు కావు, సిద్ధబీజాల సంచుల గుంపులు. ఒక్కో సంచికీ వెన్నెముకలాంటి ఒక పట్టీ ఉంటుంది. గాలి ఆరేకొద్దీ ఆ పట్టీ వెనక్కి వంగుతుంది, సంచి చిట్లుతుంది, వంగిన పట్టీ ఒక్కసారిగా ముందుకు విదిలిస్తుంది. అచ్చం వడిసెలే! లోపలి పొడి గాల్లోకి ఎగిరిపోతుంది. పడిన చోట తడి దొరికితే చిటికెనవేలి గోరంత కూడా లేని, హృదయం ఆకారంలో ఉండే పచ్చటి పలక మొలుస్తుంది. పెళ్ళి జరిగేది దాని మీదే. పురుష బీజకణం ఈదుకుంటూ అండాన్ని చేరుకోవాలి. ఈదడానికి పల్చటి నీటి పొరైనా ఉండాల్సిందే. ఈ కథంతా 1851లో జర్మనీకి చెందిన హోఫ్‌మైస్టర్ పూసగుచ్చినట్టు చెప్పాక గానీ ఆ రహస్య వివాహం రచ్చకెక్కలేదు.

ఆ నీటి పొర ఎర్రగుంట్లలో ఏడాది పొడుగునా ఎక్కడ దొరుకుతుంది? బావిలోనే. అందుకే మెట్ట సీమలో ఫెర్న్‌లు కావాలంటే కొండలెక్కే ముందు బావుల్లోకి దిగి చూడాలి.

ఆమె తెచ్చిన కొమ్మల్లో అందరికీ నచ్చింది అడియాంటం. నల్లగా మెరిసే తీగలాంటి కాడ, కొత్తిమీరను తలపించే పల్చటి ఆకు. ఆకు మీద నీళ్ళు చల్లితే నిలవవు, జారిపోతాయి. తడవనిది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. ఆయుర్వేదంలో హంసపది అనేది దీని సోదర జాతే. రెండోది టెరిస్ విట్టాటా. నిచ్చెన మెట్లలా రెండు వైపులా పొడుగాటి ఆకులు. ఈ రెంటికీ సున్నమంటే ప్రాణం. పాత కోటగోడల్లో, వంతెనల కింద, సున్నం ఊడిన ఇటుకల మధ్య ఇవి మొలిచేది అందుకే. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే రాయి మీద కూర్చున్న ప్రాంతంలో, ఆ రాళ్ళతోనే కట్టిన బావిలో వాటికి ఇంకేం కావాలి? సిమెంటు కంపెనీలను అక్కడికి రప్పించిన సున్నమే వీటినీ పిలుచుకుంది. కాకపోతే ఇవి ముందొచ్చాయి.

మూడోది క్రిస్టెల్లా, బావి అడుగున నీళ్ళకు దగ్గరగా పెరిగేది. నాలుగోది కీలాంథిస్, పైమెట్ల దగ్గర ఎండ తగిలే చోట ఉండేది. ఎండాకాలంలో ముడుచుకుని చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, రెండు వానలు పడితే లేచి కూర్చుంటుంది. అదే తరహాది ఇంకోటుంది, మయూరశిఖ. బొటనవేలంత ఎత్తున నెమలి పురి విప్పినట్టుండే ఫెర్న్. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో అందరూ పాలకోవా కోసం బస్సు దిగితే, ఆమె రాళ్ళ సందులు వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని పట్టుకుంది. బస్సు హారను కొట్టీ కొట్టీ వెళ్ళిపోయిందట!

ఇక్కడో చిన్నమాట. బజార్లో 'సంజీవని' అని ముడుచుకున్న వేర్ల ఉండలాంటిదాన్ని అమ్ముతారు, నీళ్ళల్లో వేస్తే విచ్చుకుంటుంది. అది సెలాజినెల్లా. చూపులకు ఫెర్న్ చుట్టంలా ఉంటుంది గానీ దాని వంశమే వేరు. అలాగే కలమళ్ళ దగ్గరి థర్మల్ స్టేషన్‌కు వచ్చే బొగ్గును చూపించి, ఇదంతా ఒకప్పటి ఫెర్న్ అడవే అని చెబుతుంటారు. మన గోదావరి లోయ బొగ్గుకు అసలు మొక్క గ్లాసాప్టెరిస్. 1828లో ఆ పేరు పెట్టినప్పుడు నాలుకలాంటి ఆ శిలాజ ఆకును చూసి ఫెర్నే అనుకున్నారు. తర్వాత దానికి విత్తనాలుండేవని తేలింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం ఆఖరి వరకూ వదలకుండా లాక్కొచ్చిన రాళ్ళల్లో కూడా ఈ ఆకే ఉంది. సింగరేణి, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేల అనడానికి అదో సాక్ష్యం.

కుటుంబాల సంగతికొస్తే, ఆమె చదువుకునే రోజుల్లో ఆ బావిగోడ మీద నాలుగు కుటుంబాలుండేవి. అడియాంటం ఒక కుటుంబం, టెరిస్ ఇంకో కుటుంబం, కీలాంథిస్‌ది మూడోది, క్రిస్టెల్లాది నాలుగోది. ఘాట్ నుంచి తెచ్చిన మయూరశిఖకైతే ఏకంగా సొంత కుటుంబం కట్టబెట్టిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. చుక్కలు ఆకు మధ్యలో ఉన్నాయా, అంచున ఉన్నాయా, వాటిమీద పొర ఉందా లేదా, ఉంటే గొడుగులానా, మూత్రపిండంలానా... ఇలా చూసి విడగొట్టేవారు. ఒక పండితుడు కలిపినదాన్ని మరో పండితుడు చీల్చేవాడు. పరీక్షలో ఎవరి వర్గీకరణ రాస్తున్నామో ముందే చెప్పకపోతే మార్కులు పోయేవి.

తర్వాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి. 2001లో మొదటి దెబ్బ. గుర్రపుతోక మొక్క అని విడిగా పెట్టిన ఈక్విసిటం ఫెర్న్‌ల కొమ్మలోదేనని తేలింది. 2006లో ఫెర్న్‌లన్నిటినీ 37 కుటుంబాలుగా సర్దారు. 2016లో ప్రపంచంలోని పరిశోధకులు చాలామంది కలిసి మళ్ళీ లెక్క కట్టి, పదివేలకు పైగా జాతుల్ని 48 కుటుంబాల్లో పెట్టారు. ఆ లెక్కలో అడియాంటం, టెరిస్, కీలాంథిస్, మయూరశిఖ అన్నీ ఒకే ఇంటివి. ఇంటిపేరు టెరిడేసి. యాభైకి పైగా ప్రజాతులు, సుమారు 1200 జాతులున్న పెద్ద ఇల్లు. క్రిస్టెల్లా మాత్రం థెలిప్టెరిడేసిలో విడిగా ఉండిపోయింది.

నిజానికి గుర్తు ముందునుంచీ కళ్ళెదుటే ఉంది. ఈ నాలుగింటికీ సిద్ధబీజాలను కప్పడానికి ప్రత్యేకమైన పొర లేదు. ఆకు అంచే లోపలికి మడత పడి, బిడ్డమీద కొంగు కప్పినట్టు కప్పుతుంది. క్రిస్టెల్లాకైతే చుక్క చుక్కకూ చిన్న మూత ఉంటుంది. లెక్చరర్‌గా ఉద్యోగంలో కుదురుకున్న ఆమె, కాలేజీ హెర్బేరియంలో తన చేత్తో రాసిన పాత లేబుళ్ళ మీద కొత్త లేబుళ్ళు అంటించుకుంటూ ఒక సెలవంతా గడిపింది. పాతవి చించలేదు. పిల్లలకు రెండూ కనబడాలని.

పుస్తకంలో కుటుంబాలు కలుస్తున్న ఆ ఏళ్ళల్లోనే బావి దగ్గర విడిపోతున్నాయి. జేజినాయన పోయాక పొలం మూడు పాళ్ళయింది. బావి మాత్రం పంచడానికి కుదరక ఉమ్మడిగానే మిగిలింది. పెదనాయన వాళ్ళు ముందు బోరు వేశారు. ఆ తర్వాత చిన్నాయన. ఆ తర్వాత తమ్ముడు. ఒకరి బోరు లోతుకు వెళితే పక్కవారు ఇంకా లోతుకు వెళ్ళాలి. బావిలో నీళ్ళు దిగిపోయాయి.

ఆ సంగతి ఆమెకు ఫెర్న్‌లు చెప్పాయి. చదువుకునే రోజుల్లో ఏ మొక్క పైనుంచి ఎన్నో రాతి వరసలో ఉందో నోట్‌బుక్‌లో రాసుకుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మళ్ళీ లెక్కపెట్టేది. అడియాంటం మొదట్లో ఏడో వరసలో ఉండేది. కొన్నేళ్ళకు పదకొండు. తర్వాత పద్దెనిమిది. తడి దిగేకొద్దీ ఒక్కో తరం ఒక్కో మెట్టు దిగుతూ పోయింది. ముందుగా మాయమైంది అన్నిటికంటే అడుగున ఉండే క్రిస్టెల్లా. దానికి దిగడానికి ఇంకేం మిగల్లేదు మరి. చివరికి టెరిస్, కీలాంథిస్ మిగిలాయి. జేజినాయన కొడవలికి లొంగనివి ఇలా ఖాళీ అయిపోతాయని ఆమె అనుకోలేదు.

మూడు బోర్లు ఎండిపోయి తమ్ముడు అప్పుల్లో పడ్డాడు. రోడ్డు పక్క పొలం కాబట్టి ప్లాట్లకు బేరం వచ్చింది. బావి పూడ్చి చదును చేసి ఇస్తేనే కొంటామన్నారు. నాన్న లేడు కాబట్టి ఆమె సంతకమూ కావాలి. తమ్ముడు కాలేజీకే వచ్చి, స్టాఫ్ రూములో కూర్చుని, చాలాసేపు వేరే విషయాలు మాట్లాడాడు.

"ఆ బావిలో ఏముందక్కా ఇప్పుడు? కుక్కలు పడి సస్తాండాయి."

ఆమెకు చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. ఆ టెరిస్ విట్టాటా నేలలోని ఆర్సెనిక్ విషాన్ని ఆకుల్లోకి లాగేసుకుంటుందని 2001లో అమెరికాలో ఫ్లోరిడాలో కనిపెట్టినప్పటి నుంచి, ప్రపంచమంతా దానిమీద పరిశోధనలు చేస్తోందని చెప్పింది. తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. "అయితే రేటెంత?" అన్నాడు. ఇద్దరూ నవ్వేశారు. వెక్కిరింత కాదది. వడ్డీ కట్టాల్సినవాడు అడగాల్సిన ప్రశ్నే.

ఆమె సంతకం పెట్టింది. ఒక్క ఆదివారం గడువు అడిగింది. ఇద్దరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, నడుముకు తాడు కట్టుకుని చివరిసారి దిగింది. టెరిస్ మొక్కలు పదిదాకా రాతి పెళ్ళలతో సహా ఊడదీశారు. కీలాంథిస్ వేర్లు తెగిపోయాయి. మట్టిదారి పట్టుకుని జేసీబీ వస్తోందని పైనుంచి తమ్ముడు కేకేశాడు. ఆమె పైకొచ్చి గట్టు మీద నిలబడింది గానీ, పూడ్చడం పూర్తయ్యేదాకా ఉండలేదు.

కాలేజీలో నాపరాతి ముక్కలు, పాత సున్నం కలిపి కుండీల్లో పెడితే ఆరు బతికాయి. ఆమె ఇప్పుడు పిల్లలకు ఆకు తిప్పి అంచు మడత చూపించేది వాటితోనే.

పోయిన వానాకాలంలో తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పులు తీరాక మిగిలిన ఒక్క ప్లాటులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

"అక్కా, బాత్రూము పైపు కాడ గోడ చీలింది. ఆడ నీ గడ్డి మొలిచింది. పీకాలనా, వద్దా?"

"ఉండు, పీకొద్దు. ఆకు తిప్పి చూడు. వెనక చుక్కలున్నాయా, అంచు పొడుగునా గీత ఉందా?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. వంగి చూస్తున్నట్టున్నాడు.

"గీతే."