హార్బరూ, మా పెద్దమ్మా

జువ్వలదిన్నెలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళి రెండు రోజులు హాయిగా పడుకుందామనుకుంటే, ఆవిడ మనవడు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి నా ముందు కూచున్నాడు. నేను బి.ఏ. చదివానన్న సంగతి వాడికెవరు చెప్పారో!

"అత్తా, హార్బర్ అంటే రేవే గదా? మరి ఈమె కక్షకి హార్బరేంది?"

చూశాను. 'షీ హార్బర్డ్ ఎ గ్రడ్జ్' అని ఉంది.

వాడి తప్పేం లేదు. 2020లో ఫిషింగ్ హార్బరుకి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో అది తెలుగు మాటే. చేపలు ఎండేసుకునే ముసలమ్మ కూడా హార్బరనే అంటుంది. మన రేవు పాపం చాకిరేవుకీ స్నానాల రేవుకీ మిగిలిపోయింది.

నాకు తెలిసింది చెప్పాను. ఈ మాటకి మొదట్లో సముద్రంతో సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో 'హెరె' అంటే సైన్యం, 'బెయోర్గ్' అంటే రక్షణ. దండు తలదాచుకునే చోటన్నమాట. తర్వాత ఏ బాటసారికైనా బస. ఓడలు వచ్చింది ఆ తర్వాతే. సత్రాన్ని ఫ్రెంచివాళ్ళు 'ఓబెర్జ్' అంటారే, అదీ దీని చుట్టమే. ముందుగా వెళ్ళి బస చూసిపెట్టేవాడు 'హార్బింజర్'. వసంతానికి కోయిల హార్బింజరని గొప్పగా రాసేస్తుంటాం గానీ, వాడు పెళ్ళికి ముందు విడిది చూసొచ్చే బావమరిదిలాంటివాడు! పోర్టు వేరు. అక్కడ సరుకు ఎక్కాలి, దిగాలి, మన కృష్ణపట్నంలోలాగా. హార్బరుకి కావలసింది కెరటాల జోరు తగలని నీళ్ళు.

"అంటే ఈమె కక్షకి బస ఇచ్చింది. బాడుగ లేకుండా," అన్నాను.

బియ్యంలో రాళ్ళేరుతున్న పెద్దమ్మ తలెత్తింది. "మనిషికే గాదు, కక్షక్కూడా ఇల్లిస్తారంటమ్మే వాళ్ళు?" అని నవ్వబోయి, ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు తెలుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి నేనీ ఇంట్లోనే ఉన్నాను, ఏడెనిమిదేళ్ళ దాన్ని. పొలం గట్టు తగాదాతో మూడేళ్ళుగా మాటల్లేని పెద్దమ్మ తోడికోడలు, పూరికప్పు లేచిపోతే పిల్లల్ని చంకనేసుకొచ్చి తలుపు కొట్టింది. పెద్దమ్మ తీసింది. పొడి చీర ఇచ్చింది. గంజి కాచి పోసింది. తెల్లవార్లూ ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని గాలి హోరు వింటూ కూచున్నారు. నాకు గాలి కంటే వాళ్ళిద్దరే ఎక్కువ భయం వేశారు. మూడో రోజు ఆ చీర ఉతికి మడతపెట్టి పిల్లచేత పంపించిందావిడ. తగాదా ఎక్కడిదక్కడే.

ఆ పొలం రెండు వాటాలూ అమ్ముడుపోయి చాలా కాలమైంది. ఇప్పుడా గట్టే లేదు.

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. "అది కావలిలో కూతురి దగ్గరుండాదంట. మోకాళ్ళు పనిచెయ్యడంలేదంట," అంది, గోడతో చెబుతున్నట్టు.

"అత్తా, పరీక్షలో 'చోటిచ్చుట' అని రాస్తే మార్కులేస్తారా?" అన్నాడు పిల్లాడు.

"రాయి," అన్నాను.

"కావలి బస్సు ఎన్నింటికమ్మే?" అంది పెద్దమ్మ.