నలుగురు మోసిన పరుపు



మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుతో పడి ఉన్న ఒక మనిషిని నలుగురు మోసుకొని, కపెర్నహూములో యేసయ్య ఉన్న ఇంటికి తెచ్చిన సంగతి మీకు తెలిసిందే. గుమ్మం దగ్గర జనం నిండి ఉంటే వాళ్లు ఆగలేదు, పైకప్పు విప్పి మరీ దించారు. ఆ భాగం మీద మేము ఎన్నోసార్లు వాక్యం చెప్పాం. కానీ వాళ్ల తొందర ఏమిటో మాకు అర్థమైంది మాత్రం ఆరేళ్ల క్రితమే. ఆ సంగతి ఇన్నాళ్లూ రాయడానికి మాకు ధైర్యం చాలలేదు. మేము అంటే ఈ చిన్న మందిరంలో పరిచర్య చేసే భార్యాభర్తలం.

మా సంఘంలో అరవై దాటిన ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకు బీపీ. రోజూ మాత్ర వేసుకునేది. ఒక ఉపవాస కూడికలో లేచి, "అయ్యగారూ, ప్రభువు నన్ను ముట్టాడు. తల తిరగడం పోయింది. ఇక మాత్రలు మానేశాను" అని సాక్ష్యం చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం, హల్లెలూయ అన్నాం. "బీపీ చూపించుకున్నావా అమ్మా?" అని మాలో ఒక్కరమూ అడగలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక రాత్రి తొమ్మిది గంటలకు ఆమె చిన్న కొడుకు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, అమ్మ మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి లేవట్లేదు. ఏదో అంటంది గానీ మాట అర్థం కావట్లేదు." పరుగున వెళ్లాం. ఇరుగుపొరుగు వాళ్లు గాలి సోకిందన్నారు. ఒకాయన పావురం నెత్తురు రాయమన్నాడు. మేము అవన్నీ వద్దని గద్దించి, నూనె రాసి, మోకరించి ప్రార్థన మొదలుపెట్టాం. తెల్లవారేదాకా చేశాం. మేము గొప్ప విశ్వాసంతో ఉన్నామనే అనుకున్నాం.

పొద్దున ఆటోలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్కాన్ చూసిన డాక్టరుగారు ఒక్కటే అడిగారు: "ఇది మొదలై ఎంతసేపయింది?" రాత్రి తొమ్మిదికని చెప్పాం. ఆయన గోడ గడియారం వంక చూశారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆయన ఆ రోజు ఓపిగ్గా చెప్పినవీ, తరువాత మేము చదివి తెలుసుకున్నవీ మీకు చెప్పడం మా బాధ్యత.

మనం పక్షవాతం అంటాం. బైబిలులో పక్షవాయువు అని చదువుతాం. వాతమన్నా వాయువన్నా గాలే. అందుకే కాబోలు, గాలి సోకిందనే మాట మన నోట అంత తేలిగ్గా వస్తుంది. కానీ హఠాత్తుగా ఒక పక్క పడిపోయిందంటే, సాధారణంగా అది గాలి సంగతి కాదు, నెత్తురు సంగతి. పడిపోయేది చెయ్యే అయినా జబ్బు చేతిలో లేదు. మెదడులోని రక్తనాళంలో ఉంది.

మన మెదడు బరువు దాదాపు 1.4 కిలోలు. ఒంటి బరువులో 2 శాతమే. అయినా ఒళ్లు వాడుకునే ప్రాణవాయువులో 20 శాతం దానికే కావాలి. దాచుకోవడానికి దానికి గాదె లేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల మన్నా ఏ రోజుది ఆ రోజే. మెదడుకైతే ఏ నిమిషానిది ఆ నిమిషమే. మెడలో ముందు రెండు, వెనక రెండు నాళాలు పైకి వెళ్లి, మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తాయి. ఇంగ్లాండు వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో దాన్ని వివరించాడు కాబట్టి విల్లిస్ వలయం అంటారు. ఒక వైపు దారి మెల్లగా మూసుకుపోతే రెండో వైపు నుంచి నెత్తురు వచ్చి ఆదుకునే వీలుంది. మనకు తెలియకముందే మన కోసం ఆ ఏర్పాటు చేసిన దేవునికి స్తోత్రం.

కానీ వలయం దాటాక కొమ్మలు చీలతాయి. అక్కడ నెత్తురు గడ్డ అడ్డుపడితే ఆ ఆదరువు చాలా తక్కువ. పెద్ద కొమ్మ మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నరకణాలు చనిపోతాయని లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజక్షను ఉంది. అది సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం పంపి బయటికి తీసే వైద్యమూ ఉంది. తగిన రోగులకు అది 24 గంటల వరకు కూడా చేస్తారు. అయినా ఎంత ముందైతే అంత మేలు. కొందరికి నాళం మూసుకుపోదు, చిట్లుతుంది. వాళ్లకు ఆ ఇంజక్షను ఇస్తే ప్రాణాపాయం. ఏది జరిగిందో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు, స్కాన్ తీయాల్సిందే.

ఆ రాత్రి ఎన్ని నిమిషాలు మోకాళ్ల మీద ఉన్నామో లెక్క వేసుకోవడం ఇప్పటికీ మాకు భారమే.

ఇంకొక సంగతి. మా సంఘ పెద్ద ఒకాయన కొన్నేళ్లుగా మారిపోయాడు. అడుగులు చిన్నవయ్యాయి. మాట మందగించింది. చందా లెక్కలు తప్పడం మొదలైంది. ఊరికే ఏడ్చేవాడు. విశ్వాసంలో చల్లారిపోయాడని అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆయన మెదడు లోపలి సన్నని నాళాలు దెబ్బతిన్నాయని తరువాత తెలిసింది. మన కాలువ చూడండి, పైన నీళ్లు బాగానే ఉంటాయి. బోదెలు పూడిపోతే శివారు పొలాలు ఎండుతాయి. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, షుగరు, పొగాకు మెదడులో ఆ పనే చేస్తాయి. ఒకేసారి పడగొట్టవు. మెట్టు మెట్టుగా దించుతాయి. జ్ఞాపకశక్తి, నడక, ఓర్పు, ఒక్కొక్కటే పోతాయి. ఆయన దగ్గరికి వెళ్లి మేము క్షమాపణ అడిగాం. ఆయనకు ఎంతవరకు అర్థమైందో గానీ, మా చెయ్యి మాత్రం వదల్లేదు.

పెద్దమ్మ బతికింది. కుడి చెయ్యి రాలేదు. మాట పోయింది. "అవును", "అయ్యో", ఈ రెండే వస్తాయి. ఒక ఆదివారం ఆమె మంచం దగ్గర కూర్చొని పాత కీర్తన ఎత్తుకున్నాం. రెండో చరణం దగ్గర ఆమె గొంతు కలిసింది. మాటలతో సహా పాడింది. కొడుకు బిత్తరపోయాడు. మాట ఎక్కువగా మెదడు ఎడమ పక్క నుంచి వస్తుందని, పాటకు కుడి పక్క కూడా సాయపడుతుందని, అందుకే మాట పోయినవాళ్లలో కొందరు పాడగలుగుతారని డాక్టరుగారు చెప్పారు. ఆ వివరం విన్నాక మా స్తోత్రం తగ్గలేదు, పెరిగింది.

మేము ఆమె ముందు మోకరించి, "మమ్మల్ని క్షమించమ్మా, ఆ రాత్రి ఆలస్యం చేశాం" అన్నాం. ఆమె ఎడమ చెయ్యి మా తలల మీద పెట్టింది. ఇన్నేళ్ల పరిచర్యలో మేము అందరి తలల మీద చేతులుంచాం. ఆ రోజు ఆ ఆశీర్వాదం మాకు దొరికింది.

ప్రియులారా, ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. మంచి సమరయుడు గాయాలకు నూనె పోశాడు. అక్కడే కూర్చోలేదు. కట్లు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని తీసుకుపోయాడు. ఆ కథ మనకు అందించిన లూకా కూడా వైద్యుడే. ఆ నలుగురు కూడా విశ్వాసంతోనే వెళ్లారు, కానీ వాళ్ల విశ్వాసం వాళ్ల కాళ్లలో కనబడింది.

ఇప్పుడు మా మందిరంలో కొన్ని మాటలు అందరికీ నేర్పాం. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారుతుందా? మాట తడబడుతుందా? వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదలైన సమయం కాగితం మీద రాయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, మాత్ర వేయొద్దు. కాసేపటికి తగ్గిపోయినా వెళ్లండి, అది హెచ్చరిక. ప్రార్థన బండిలో చేద్దాం, మేమూ ఎక్కుతాం. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక బీపీ చూపిస్తాం. స్వస్థత సాక్ష్యం చెప్పేవారు ముందు డాక్టరుకు చూపించుకొని రావాలి. డాక్టరు మానమంటేనే మాత్ర మానాలి.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మా తలలోని సన్నని నాళాన్ని కూడా ఎరిగినవాడవు నీవే. తెలియక మేము చేసిన ఆలస్యాన్ని క్షమించు. పడిపోయినవారిని మోసే నలుగురిలో మమ్మల్ని ఒకరిగా చేయి. మా మోకాళ్లకు ప్రార్థన, మా కాళ్లకు తొందర దయచేయి. యేసు నామమున వేడుకొంటున్నాం తండ్రీ, ఆమేన్.