మీ ఆదివారం, మా బుధవారం

మా పక్కింటావిడ నాకంటే ఏడాది పెద్ద. లీడ్స్‌లో పుట్టి లీడ్స్‌లోనే పెరిగింది. నేను తెనాలి నుంచి వచ్చి ఆవిడ కంచెకి ఇవతల కాపురం పెట్టి నలభై ఏళ్ళు. ఇన్నాళ్ళూ మా మాటలు వానా, గులాబీ అంట్లూ, చెత్తబండి వచ్చే రోజూ దాటలేదు. మొన్న అటక ఖాళీ చేస్తుంటే ఆవిడకి చిన్న ట్రాన్సిస్టరు దొరికింది. తోలు తొడుగు పెళుసుబారి రాలిపోతోంది. "1962లో దీన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని" అంది.

ఆ సంవత్సరం వినగానే ఆగిపోయాను. నాకప్పుడు పదిహేనేళ్ళు.

ఇంగ్లండ్ పిల్లలకి పాటలకేం కొదవ అనుకునేవాణ్ని. కాదట. బీబీసీ రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వెయ్యాలని ఒప్పందం. రికార్డులే మోగుతుంటే మా పొట్ట గడిచేదెలా అని వాద్యకారుల సంఘం పట్టు. అందుకని చీకటి పడ్డాక 208 మీటర్ల మీద రేడియో లక్సెంబర్గ్ పట్టుకునేవాళ్ళు. ఆదివారం రాత్రి 11కి టాప్ ట్వంటీ. తెల్లారితే బడి. పాట మంచి ఊపులో ఉండగా స్టేషను ఎటో కొట్టుకుపోయేది, తిరిగొచ్చేసరికి ప్రకటన. ఫుట్‌బాల్ పందేలు గెలిచే కిటుకు చెబుతానంటూ ఒకాయన తన ఊరి పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పేవాడట. ఆవిడ ఇప్పటికీ గడగడా అప్పజెప్పింది. మనవడి ఫోను నంబరు మాత్రం చూసి చెప్పాలి.

"మాకూ ఒక లక్సెంబర్గ్ ఉండేది. దాని పేరు రేడియో సిలోన్" అన్నాను.

1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన కేస్కర్‌గారికి సినిమా పాట గిట్టదు. ఆలిండియా రేడియోలో శాస్త్రీయ సంగీతం పెరిగింది, సినిమా పాట మాయమైంది. జనం ముల్లు తిప్పి సిలోన్ దగ్గర ఆపారు. సర్కారుకి తత్వం బోధపడి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టేసరికి ఆ అలవాటు ముదిరిపోయింది.

మా ఇంట్లో రేడియో లేదు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి కదా అని నాన్నగారి వంక. (ఇక్కడా 1971 దాకా కట్టేవారట.) బుధవారం రాత్రి ఎనిమిదికి వీధి చివర కాఫీ హోటల్ అరుగే మాకు గతి. వాల్వుల రేడియో వేడెక్కే దాకా గుండె దడ. తర్వాత అమీన్ సయానీ గొంతు, బినాకా గీత్‌మాలా. హిందీ ముక్క రాకపోయినా ఏ పాట ఎన్నో మెట్టు మీదుందో మా మార్కులకంటే బాగా తెలుసు. నలుగురం ఒక్క కాఫీతో గంట గడిపేస్తే హోటలాయన ఏమీ అనేవాడు కాదు. మొదటి మెట్టు పాట వచ్చే వేళకి రేడియో కట్టేసేవాడు, అంతే.

ఆ గీత్‌మాలా టేపులు బొంబాయిలో తయారై విమానంలో కొలంబో వెళ్ళేవని చాలా కాలానికి తెలిసింది. మన పాటే సముద్రం దాటి, షార్ట్‌వేవ్ ఎక్కి మళ్ళీ మన వీధికి వచ్చేదన్నమాట. చెబితే ఆవిడ పకపకా నవ్వింది. లక్సెంబర్గ్ కార్యక్రమాల్లోనూ చాలా వాటిని లండన్‌లో రికార్డు చేసి అక్కడికి పంపేవారట.

తెలుగు పాటకి ఈ తిప్పలు లేవు. 'గుండమ్మ కథ' వచ్చిన ఏడాది అది. పెళ్ళి పందిట్లో మైకు కట్టారంటే ఘంటసాల, సుశీల పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా. పాటల పుస్తకం లెక్కల పుస్తకంలో దాక్కునేది. ఊరికే దొరికినందుకేమో, ఆ పాటలు ఎప్పుడు నోటికొచ్చాయో గుర్తే లేదు. సిలోన్‌లో సగం విన్న పాట ఎక్కడ తెగిందో మాత్రం ఇవాళ అడిగినా చెబుతాను.

ఆవిడ గదిలో గోడ మీద అప్పట్లో క్లిఫ్ రిచర్డ్ బొమ్మ ఉండేదట. "అతను లక్నోలో పుట్టాడు, తెలుసా?" అంది. తెలియదన్నాను.

"తెనాలి పక్కనేనా?"

"ఆ, పక్కనే" అన్నాను.