నాయనమ్మ వేళాంగణి యాత్ర

మా నాయనమ్మ గుంటూరు మండలమునందలి ఫిరంగిపురమున పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దినుండియు కథోలిక మతము వేరూనిన గ్రామమది. ఆమెకు అక్షరజ్ఞానము స్వల్పము. కాని జపమాల త్రిప్పునపుడు పూస తప్పుట మేమెన్నడును చూడలేదు. ఆమె చేసిన దూరప్రయాణ మొక్కటియే. 1961వ సంవత్సరము సెప్టెంబరులో, నాలుగేండ్ల మా నాయనను చంకనెత్తుకొని, ఊరివారితో కలిసి వేళాంగణి ఆరోగ్యమాత ఉత్సవమునకు పోయినది. పోలియో జ్వరమువలన మా నాయన కుడికాలు అప్పటికే చచ్చుపడి యుండెను.

తెనాలిలో రైలెక్కి మద్రాసులో దిగి, ఎగ్మూరులో మరియొక బండి పట్టుకొని నాగపట్టణము చేరి, అచ్చటినుండి బస్సుమీద ఏడు మైళ్లు పోవలెను. మూడవ తరగతి పెట్టెలో బిడ్డను ఒడిలోనుంచుకొని రాత్రియంతయు కూర్చుండెనట. ఆ మరుసటి యేడే, 1962లో, ఆ దేవాలయమునకు పోపు ఇరువదిమూడవ జాన్ బసిలికా గౌరవ మొసగెను.

ఆ క్షేత్రమును గూర్చిన ఐతిహ్యములలో మజ్జిగ నమ్ము కుంటి బాలుని కథ యొకటి. బిడ్డ నెత్తుకొనిన తల్లి యొకతె వానిని మజ్జిగ యడిగెననియు, ఆమె మాట నాగపట్టణమునకు చేర్చుటకై లేచిన బాలుడు పరుగెత్తెననియు చెప్పుదురు. కుంటి బిడ్డగల తల్లి ఈ కథ విని ఇంట కూర్చుండగలదా? నాయనమ్మ బిడ్డకు తల నీలాలు తీయించినది, కొబ్బరికాయ యిచ్చినది, రేకుతో చేసిన చిన్న కాలును కానుకపెట్టెలో వేసినది. కాలు బాగుపడలేదు.

ఈ సంగతి యెరిగియుండియు నే నామెను చాలకాలము ప్రశ్నింపలేదు. 2004 డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి వేళాంగణి యొడ్డున నెందరో యాత్రికులను పొట్టన బెట్టుకొనెను. నీరు దేవాలయములోనికి రాలేదని విని మా బంధువులు అద్భుతమని కొనియాడిరి. నాయనమ్మ మాత్రము కోపగించుకొన్నది.

“గుడి మిగిలిందని సంతోషమా? ఒడ్డున పోయినవాళ్లు ఆమె బిడ్డలు కారా?” అని జపమాల తీసికొని చనిపోయినవారి కొరకు ప్రార్థింప మొదలిడినది.

నేనప్పుడు క్రొత్తగా ఉపాధ్యాయుడనైనవాడను. సంస్కృతము, ఇంగ్లీషు చదివినానన్న గర్వమొకటి యుండెను. “అంత తెలిసినదానవు, నాయన నక్కడికి ఎందుకు తీసుకెళ్లావు? ఆ డబ్బు డాక్టరుకు పెట్టవలసింది” అంటిని.

ఆమె నొచ్చుకొనలేదు. “ముందు పెద్దాసుపత్రికే పోయాను అబ్బాయీ. చేసేది లేదన్నారు. అక్కడ గుడి బయట ఒకాయన కొవ్వొత్తులు అమ్ముతున్నాడు. ఆయనకూ మీ నాన్న కాలే. ఒళ్లో చిట్టా పెట్టుకొని గబగబా లెక్కలు రాస్తున్నాడు. వీడి కాలు కోసం ఏడుస్తున్నాను గాని, వీడి చెయ్యి నిక్షేపంగా ఉంది గదా అనిపించింది. రాగానే బళ్లో వేశాను.”

మా తాత వలదన్నను వినక, ఐదేండ్లపాటు మైలు దూరముననున్న బడికి మా నాయనను చంకనెత్తుకొని పోయి, తెచ్చినది ఆమెయే. మా నాయన చదివి లెక్కల గుమాస్తా యయ్యెను. నే నుపాధ్యాయుడనగుట ఆ చదువు చలవయే. ఆ ఫలమును తినుచు చెట్టును నిందించినవాడను నేను.

విశ్వాసము మానవుని చేతులు కట్టివేయునేని అది మౌఢ్యము. లేచి నడువుమని తట్టి లేపునేని దానిని కాదనుటకు మన చదువు చాలదు. నాయనమ్మకు దేవాలయమునకును వైద్యశాలకును నడుమ వైరమెన్నడును తోచలేదు.

పల్స్ పోలియో ఆదివారములందు మా పాఠశాలలో చుక్కలమందు వేయుచుండిరి. పూజ ముగియగానే నాయనమ్మ వీధి వీధి తిరిగి బిడ్డలను తోలుకొని వచ్చెడిది. 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ప్రకటింపబడిన నాటికి ఆమె లేదు. కాని ఒక ఆదివారము, ఎండ చల్లబడిన పిమ్మట వత్తునని బద్ధకించిన యొక చిన్నదానితో ఆమె యన్న మాట నా చెవులలో నేటికిని ఉన్నది:

“ఈ మందు కోసమే తల్లీ, నేను వేళాంగణి దాకా పోయి ఏడ్చాను. నీకు వీధి చివర బడి దూరమైందా? లే!”