ర్యామ్ కొనడానికి నేనూ వెళ్లాను

కంప్యూటర్ సంగతులు నాకెందుకులే అనుకునేదాన్ని. 2023 ఎండాకాలంలో పక్క వీధిలో ఒకావిడ గుమ్మం ముందు మా వాడితో పాటు నేనూ తల దించుకుని నిలబడ్డాక, ఇక పట్టించుకోక తప్పలేదు.

ముందు మా వాడి సంగతి చెప్పాలి. అప్పటికి బీటెక్ రెండో సంవత్సరం. బీరంగూడలో ఒక ఫోటో స్టూడియో వాళ్లకి ఫంక్షన్ల వీడియోలు ఎడిటింగ్ చేసి ఇచ్చేవాడు. వీడియోకి 1,500. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, అందులో రైజెన్ 5 5600జి ప్రాసెసర్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, కొనే స్తోమతా లేదు. ఆ ప్రాసెసర్‌లోనే బొమ్మ చూపించే భాగం ఉంటుందట. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే పంచుకుంటుంది. అందుకే మిగతా కంప్యూటర్ల కన్నా ఇలాంటివాటికి ర్యామ్ స్పీడు ఎక్కువ అవసరం.

కొన్నప్పుడు 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంది, 2666 స్పీడుది. చాలడం లేదని ఎక్కడో పాత స్టిక్ ఇంకోటి, వేరే కంపెనీది, 700కి పట్టుకొచ్చి పక్కన గుచ్చాడు. తర్వాత రెండింటి స్పీడునీ 3200కి పెంచాడు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. "పైసా ఖర్చు లేకుండ స్పీడొచ్చిందమ్మా" అని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను.

మీలో కుట్టుమిషన్ ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలితో తొక్కే మిషన్‌కి మోటారు బిగించి పెడల్ పూర్తిగా నొక్కితే ఏమవుతుంది? పని తొందరగా అవుతుంది, మధ్యలో ఒక్కో కుట్టు తప్పుతుంది. తప్పిన సంగతి అప్పుడు కనబడదు. చీర కట్టుకుని నాలుగడుగులు వేశాక ఫాల్ ఊడుతుంది.

మాకు ఊడింది ఆ పక్క వీధి వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియోలో. కెమెరా కార్డులోంచి వీడియోలన్నీ మా వాడు కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. స్టూడియో వాళ్లు కార్డు తుడిచేసి మర్నాడు పెళ్లికి తీసుకెళ్లారు. రెండు రోజుల తర్వాత తెరిచి చూస్తే సుమారు 40 నిమిషాల భాగం పచ్చటి గళ్లు, చారలు. అక్షింతలు వేసే ఘట్టమంతా అందులోనే ఉంది. జహీరాబాద్ నుంచి నడవలేకుండా వచ్చిన వాళ్ల నాయనమ్మ కూడా అందులోనే.

ఫోన్లో చెప్పేస్తానన్నాడు. వద్దన్నాను. ఇద్దరం వెళ్లాం. ఆవిడ అరుస్తుందేమో అనుకున్నాను, అరవలేదు. "మా అత్తమ్మ మల్ల అంత దూరం వస్తదా అక్కా?" అంది అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. స్టూడియోకి, వాళ్లకి కలిపి మా వాడి మూడు వీడియోల సంపాదన పోయింది. ఫంక్షన్‌కి వచ్చిన వాళ్ల ఫోన్లలో ఉన్న ముక్కలన్నీ అడిగి తెచ్చి ఏదో అతికించి ఇచ్చాడు.

ఆ రాత్రే మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష పెట్టాడు. పెన్‌డ్రైవ్‌లోంచి నడుస్తుంది, ర్యామ్‌లో ప్రతి గడిలో రాసి, తిరిగి చదివి చూస్తుంది. 3200 దగ్గర పది నిమిషాలకే ఎర్రగీతలు. 2666కి దించినా రెండు స్టిక్‌లూ కలిపితే తెల్లారేసరికి ఒకటి రెండు తప్పులు. పాతది ఒక్కటీ ఉంచితే ఒక్క తప్పూ లేదు. ఈ పరీక్ష స్పీడు పెంచిన రోజే పెట్టి ఉంటే? నేను అడగలేదు. వాడే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మావారిది పాశమైలారంలో షిఫ్టు ఉద్యోగం. "ఉన్న ఒక్కదానితోనే నడిపియ్యి, స్పీడెందుకు?" అన్నారు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. కానీ 8 జీబీలో ప్రాసెసర్ బొమ్మల వాటా పోగా మిగిలింది వీడియో పనికి చాలదు. పైగా ఒక్క స్టిక్ ఉంటే ఒక్క దారిలోనే సరుకు నడుస్తుంది, రెండుంటే రెండు దార్లు. దాన్ని డ్యుయల్ ఛానెల్ అంటారు. ఇలాంటి ప్రాసెసర్‌కి స్పీడు అంకె కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఫాల్స్, పికోలు కుట్టిన డబ్బు నా దగ్గర 4,000 ఉంది. "ఇస్తాను, కానీ కొనడానికి నేనూ వస్తా" అన్నాను. వాడి ముఖం చూడాలి!

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి, ఎండలో పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాం. అందరూ సీటీసీ అంటారు. అంతస్తులన్నీ కంప్యూటర్ షాపులే. చీరల షాపుల్లో లాగే ఇక్కడా ముందు ఖరీదైనదే తీసి చూపిస్తారు. రంగు రంగుల లైట్లు వెలిగే 3600 స్పీడు ప్యాకెట్టు, 16 జీబీ, 5,400. మా వాడి చెయ్యి దాని మీంచి రాలేదు. పక్కనే లైట్లు లేని 3200ది, 3,700.

నాకు డబ్బాల మీద అంకెలు చదివే అలవాటు. మొదటిదాని మీద సీఎల్18, రెండోదాని మీద సీఎల్16 అని ఉంది. అదేంట్రా అంటే, అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని లెక్కలు ఆగుతుందో అది అన్నాడు. డీడీఆర్‌లో అసలు క్లాకు పెట్టె మీది అంకెలో సగమేనట. అయితే లెక్క చెయ్యమన్నాను. 1800లో 18 లెక్కలు, 1600లో 16 లెక్కలు. రెండూ 10 నానోసెకన్లే! 3600ది ఒకే సమయంలో కాస్త ఎక్కువ సరుకు మోస్తుంది, నిజమే. కానీ ఆ కాస్త కోసం, లైట్ల కోసం ఇంకో 1,700 నేను ఎక్కడ తేను? షాపతను ఇంకా చవకది, 3200 సీఎల్22 కూడా చూపించాడు. అదే లెక్క వేస్తే 13.75 వచ్చింది. అది కూడా వద్దన్నాం.

ఉన్న 8 జీబీకి జతగా అదే కంపెనీది ఇంకోటి కొంటే సగం ఖర్చులో పోదా అని కూడా అడిగాను. అదే పేరు, అదే నంబరు ఉన్నా లోపలి చిప్పులు వేరే ఉండొచ్చట. ఒకే ప్యాకెట్టులో వచ్చే రెండింటినీ కంపెనీ వాళ్లు జతగా పరీక్షించి పెడతారు. ఒకే తానులో కొన్న జాకెట్టు ముక్కకీ, తర్వాత వెతికి తెచ్చిన మ్యాచింగ్‌కీ ఉన్న తేడా అన్నమాట. బోర్డు కంపెనీ వాళ్ల వెబ్‌సైట్లో ఏ ర్యాములు సరిపోతాయో జాబితా ఉంటుంది, అక్కడే నిలబడి ఫోన్లో చూశాం. 3,700ది అందులో ఉంది. బిల్లు, వారంటీ అడిగి తీసుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో పోయిన 700 గుర్తుంది మరి.

ఇంటికొచ్చి బిగించాక చూస్తే 2400 అనే చూపిస్తోంది! మోసపోయాం అనుకుని నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, పెట్టె మీది స్పీడు దానంతట అది రాదు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనేది ఆన్ చెయ్యాలి. మామూలుగా 1.2 వోల్టులతో నడిచే ర్యామ్‌కి అప్పుడు 1.35 వోల్టులు అందుతాయి. అంటే అది కూడా ఒక రకం ఓవర్‌క్లాకే, కాకపోతే కంపెనీ వాళ్లు పరీక్షించి ఒప్పుకున్నది. ఎంతమంది ఇళ్లలో ఇది ఆన్ చెయ్యకుండానే ఉందో! మీ పిల్లల్ని ఒకసారి చూడమనండి.

ఆ రాత్రి మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టాడు. ఏసీ లేని గది, మే నెల ఉక్క. వేడికే తప్పులొస్తాయని కంప్యూటర్ డబ్బా పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పాడు. మాకు గాలి లేదు. రెండో షిఫ్టు నుంచి మావారు వచ్చేసరికి ఇద్దరం నేల మీద కూర్చుని తెర చూస్తున్నాం. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, "ఎన్ని తప్పులు?" అని అడిగారు. సున్నా. తెల్లారి నాలుగు విడతలు పూర్తయినా సున్నాయే.

తర్వాత 3400కి పెంచి చూస్తానని వారం రోజులు వెంటపడ్డాడు. చూడు, కానీ పరీక్ష పెట్టకుండా ఎవరి వీడియో అందులోకి ఎక్కించొద్దు అన్నాను. పెంచాడు, రెండు తప్పులు చూపించింది, నోరు మూసుకుని 3200కి వచ్చేశాడు. కార్డులోంచి ఎక్కించిన వీడియోలు ఇంకో హార్డ్‌డిస్కులో కూడా పెట్టి, రెండు చోట్లా తెరిచి చూశాకే కార్డు వెనక్కి ఇస్తున్నాడు. కార్డు మాత్రం అప్పటిదాకా నా పోపుల డబ్బా పక్కన చిన్న స్టీలు గిన్నెలో ఉంటుంది.

ఇప్పుడు వాడికి 32 జీబీ కావాలట. ఏఐ కంపెనీలు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాయి. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ ర్యాములు మనలాంటి మామూలు వాళ్లకి అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది కూడా. "అప్పుడే 32 కొనాల్సిందమ్మా" అంటాడు. అప్పుడు నా దగ్గర ఉన్నది 4,000, అందులో 300 మిగిలితే వచ్చేటప్పుడు ఇద్దరం చెరుకురసం తాగి, మెట్రో టికెట్లు కొన్నాం. చిట్టీ వచ్చేదాకా ఆగమన్నాను.