మా పేట కబుర్లు - 9: కొల్లేరులో అక్షరాలెన్ని?



ఏలూరులో మా పేట ట్యూషన్ పిల్లలకి ఒక ఆట రాశాను. పదంలో అక్షరాలు తారుమారవుతాయి, వాళ్లు సరిచేయాలి. పైథాన్‌లో ఒక్క లైను చాలనుకున్నా.

"కొల్లేరు" ఇచ్చాను. తెర మీద పొల్లు ఒకచోట, కొమ్ము ఒకచోట. ఆనుకోడానికి హల్లు లేని గుర్తు కింద చుక్కల సున్నా. ఆరో తరగతి పాప మెల్లగా అడిగింది: "అన్నా, నాకు ఒత్తులు రావు కదా, అందుకేనా?"

"మీ నోటికి ఒత్తులు తిరగవు" అని బళ్లో నాకూ చెప్పారు ఒకప్పుడు.

"లేదు తల్లీ, తప్పు నా కోడ్‌ది" అన్నాను.

పైథాన్ లెక్కలో కొల్లేరు 8: క, ఒత్వం, ల, పొల్లు, ల, ఏత్వం, ర, కొమ్ము. పాప వేళ్ల మీద 3: కొ, ల్లే, రు. పాపదే రైటు. ఒత్తుని హల్లు నుంచి విడగొట్టొద్దనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో గానీ రాలేదు!

ఇప్పుడు ముందు అక్షరాలుగా కట్టలు కట్టి, ఆ కట్టల్నే కలుపుతున్నా. ఒక్క లైను నాలుగైంది. "రుకొల్లే" వచ్చింది. పాప చటుక్కున చెప్పేసింది.

తర్వాత తనే "అంబేడ్కర్" కొట్టింది. చివరి ర్ ముందుకొచ్చి, బే దానికి ఒత్తైపోయింది: "ర్బే". రాత్రికి అది చూడాలి.